ఒత్తు పడిన చోటు

జూన్ నెల. మురకంబట్టు దాటితే
గాలంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు
రెండు రోజులుగా రోడ్డు మీదే నిలబడి ఉండాయి.
గోడకు ఇవతల నేను
ఎనిమిదో తరగతికి డిక్టేషన్ చెబుతా ఉండాను.

"విద్యార్థి" అన్నాను.
ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు
థ పొట్టలో చుక్క మరిచిపోయినారు.
"అర్థం" అన్నాను.
చుక్క రాలిపోయి అర్థం
సగమై కూర్చుంది పుస్తకాల్లో.

ఎవరిదంటే ఏం చెప్పను తప్పు?
బిట్టు పక్కన సున్నా చుడితే మార్కులొచ్చే కాలం.
ఫోనుకు నోటితో చెబితే అదే రాసిపెడుతుంది.
టైపు చేసినా ఇంగ్లీషు అక్షరాల్లోనే,
అందులో ల కీ ళ కీ ఒకటే చొక్కా.
పైగా మా చిత్తూరు నోట్లో ఒత్తు నిలవదు.
పక్కనే వేలూరు, అక్కడ ఒక్క క
నలుగురి చాకిరీ చేస్తుంది.
మా పిలకాయలు ఆ ఇంటా ఈ ఇంటా తిని పెరిగినోళ్లు.
అంతెందుకు, స్టాఫ్ రూములో నడుం పట్టేస్తే
నేనూ "బాదగా ఉండాది" అనే అంటాను.
ఒత్తు సంగతి తెలిసింది చేతికే.
ఆ చేతికి ఇప్పుడు పని లేదు.

మూడో బెంచీలో జ్ఞానవేలు.
తన పేరు తానే "గ్నానవేలు" అని రాసుకుంటాడు.
రిజిస్టరులో ఎవరో "నానవేలు" చేసి పెట్టినారు.
అన్నం వడ్డించే ఆయా ఒక్కతే
వేలూ అని తప్పు లేకుండా పిలుస్తుంది.

సోమవారం రాలేదు. మంగళవారం చీటీ పంపినాడు.
"టీచర్ గారికి,
మా అమ్మకు చాలా భాదగా ఉంది.
రెండు రోజులు సెలువు ఇవ్వగళరు.
ఇట్లు తమ విదేయుడు గ్నానవేలు."

ఐదు వరుసలు, ఐదు తప్పులు.
ఐదింటికీ ఎర్రగా చుట్టినాను.
భాద చుట్టూ కొంచెం గట్టిగానే.
"బ కింద ఒత్తు తీసి ద కింద పెట్టు.
పదిసార్లు రాసి తీసుకురా."
చీటీ తెచ్చిన పిల్ల ఏమో చెప్పబోయింది.
ముందు నీ నోటుబుక్కు చూపించు అన్నాను.

గురువారం కుప్పమ్మ వచ్చింది, కొడుకును వెంటబెట్టుకొని.
కుడిచేతికి అరటిపువ్వంత కట్టు.
టెంక ఇరుక్కుంటే లాగబోయిందంట.
మిషను ఒత్తేసిందంట.
చూపుడువేలు, రెండు కణుపులు.
ఎవరి వేలో పోయినట్టు చెప్పింది.
"పదిసార్లు రాసినాడు టీచరమ్మా, చూడండి,
ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చోని.
వాడేం తప్పు రాసినాడో నాకేం తెలుసు,
వేలిముద్ర మనిషిని.
రేషను మిషను మీద ఇంక ఏది పెట్టాల్నో."

చూసినాను.
ఒకదాని కింద ఒకటి పది.
మొదటి మూడింట్లో ఒత్తు బ దగ్గరే తచ్చాడతా ఉంది.
నాలుగోదానిలో రెండింటికీ ఉంది,
వాడికి ఎక్కడా తీయబుద్ధి కానట్టు.
ఐదు నుంచి ద కిందకి దిగింది.
పదోది అచ్చు పుస్తకంలో మాదిరే ఉంది.

పోనీలేరా, ఎట్లా రాస్తే ఏముంది
అని నోటిదాకా వచ్చింది.
అనలేదు.
ఫ్యాక్టరీకి అర్జీ పెట్టాల.
ఆధారులో ఆమె పేరు "కుప్పమ" అని ఉంది,
ఒక్క ఒత్తు పోయినందుకు
ఈమె ఆమె కాదంటాడు గుమస్తా.
వాడి చేతికి నా పెన్ను ఇచ్చినాను, నీలం పెన్ను.

"నష్టంలో ఏ ష టీచర్?"
"పొట్ట చీల్చిన ష."
నాలుక కొస బయటపెట్టి రాస్తా ఉండాడు.
కుప్పమ్మ కట్టు మీద ఈగను ఊదుకుంటా
కిటికీలోంచి ట్రాక్టర్ల వైపు చూస్తా ఉంది.

"బాధితురాలు" అన్నాను.
పెన్ను ఆగింది.
నా వైపు చూడలేదు వాడు.
నన్ను అడగలేదు.
అమ్మ చేతి వైపు ఒకసారి చూసి
ఒత్తు పెట్టినాడు.